గోధుమరంగు ఎంత ఉంటే పాజిటివ్? పిల్లి కణితుల్లో కాక్స్-2 వెతికిన నా అనుభవం

పశువైద్య పాథాలజీలో పీజీ చేస్తున్నప్పుడు థీసిస్ కోసం పిల్లుల కణితుల్ని ఎంచుకున్నాను. కుక్కల కణితుల మీద ఇప్పటికే కుప్పలుతెప్పలుగా పని జరిగింది. పిల్లుల దగ్గరికి వచ్చేసరికి పాఠ్యపుస్తకం ఒకటి రెండు పేరాల్లో తేల్చేస్తుంది. అలాగని పిల్లులకు కణితులు తక్కువా అంటే అదేం కాదు. పిల్లికి రొమ్ములో గడ్డ వచ్చిందంటే అది క్యాన్సర్ అయ్యే అవకాశం 80 నుంచి 90 శాతం. కుక్కల్లో ఇది దాదాపు సగమే. ఇక పిల్లి నోట్లో వచ్చే కణితుల్లో ఎక్కువ భాగం స్క్వామస్ సెల్ కార్సినోమాయే, అంటే నోటి పైపొర కణాల్లో పుట్టే క్యాన్సరే. నాలుక కింద మొదలై, దవడ ఎముకను తినేసి, యజమాని గమనించేసరికే చెయ్యి దాటిపోయే జబ్బు అది.

గైడ్ మేడమ్‌తో విషయం మాట్లాడదామని వెళ్తే ఆవిడ ఏమీ చెప్పకుండా రెండు పేపర్లు నా చేతిలో పెట్టారు. రెండూ సైక్లోఆక్సిజనేజ్-2 అనే ఎంజైమ్ గురించే. అందరం దాన్ని కాక్స్-2 అంటాం. 2003లో వచ్చిన మొదటి పేపర్లో పిల్లుల రకరకాల కణితుల్లో ఈ ఎంజైమ్ ఉందా అని పరీక్షించారు. కనిపిస్తే పాజిటివ్, లేకపోతే నెగటివ్. మూత్రాశయ క్యాన్సర్లు 19లో 7, నోటి స్క్వామస్ సెల్ కార్సినోమాలు 21లో 2 పాజిటివ్. రొమ్ము క్యాన్సర్లతో సహా మిగతావన్నీ నెగటివ్. 2006 నాటి రెండో పేపర్లో మాత్రం పిల్లుల రొమ్ము క్యాన్సర్లలో చాలా ఎక్కువ భాగం పాజిటివ్.

"అదే జంతువు, అదే కణితి, అదే ఎంజైమ్. ఒకరికి అసలు లేదు, ఇంకొకరికి దాదాపు అన్నింట్లో ఉంది. ఎవరిది తప్పంటావు?" అని అడిగారు మేడమ్.

ఎవరో ఒకరిది తప్పేనని నా మనసులో ఉంది. ఆవిడ నవ్వి, "ముందు నువ్వు చెయ్యి, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. థీసిస్ అంశం అలా ఖాయమైంది.

ఈ ఎంజైమ్ మీద ఎందుకింత ఆసక్తో కాస్త చెప్పాలి. కణ త్వచంలోని కొవ్వు నుంచి అరాకిడోనిక్ ఆమ్లం విడుదలవుతుంది. కాక్స్ ఎంజైమ్‌లు దాన్ని ప్రోస్టాగ్లాండిన్‌లుగా, అంటే కణాల మధ్య సందేశాలు మోసే రసాయనాలుగా, మార్చే దారిలో మొదటి మెట్టు. కాక్స్-1 మామూలుగానే ఒంట్లో చాలాచోట్ల ఉండి జీర్ణాశయం గోడను కాపాడటం, ప్లేట్‌లెట్ల పని లాంటివి చూసుకుంటుంది. కాక్స్-2ను 1991లో గుర్తించారు. అది చాలా కణజాలాల్లో మామూలప్పుడు కనపడదు, వాపు వస్తేనో, కణితి పెరుగుతుంటేనో ఎక్కువవుతుంది. దాని వల్ల తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్ ఇ2 కణితికి కొత్త రక్తనాళాలు మొలిచేలా చేస్తుంది, కణాలు చావకుండా అడ్డుపడుతుంది, రోగనిరోధక కణాల్ని జోకొడుతుంది. దీన్ని అడ్డుకునే మందులు మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి, అవే నొప్పి మాత్రలు. కణితిలో ఎంజైమ్ ఉంటే మాత్రతో దాన్ని ఆపొచ్చు కదా అన్న ఆశతోనే ఈ పరిశోధనలన్నీ మొదలయ్యాయి.

పద్ధతి ఇది: కణితి నుంచి కోసిన పలుచని పొర మీద కాక్స్-2ను పట్టుకునే యాంటీబాడీ వేసి, అది అతుక్కున్న చోట గోధుమరంగు తెప్పించి మైక్రోస్కోప్‌లో చూస్తాం. ఎంజైమ్ లేని చోటు నీలంగానే ఉంటుంది. మొదటి పని పాత బ్లాకులు వెతకడం. బయాప్సీకి వచ్చిన ముక్కల్ని ఫార్మలిన్‌లో నిలవచేసి, తర్వాత పారఫిన్ మైనంలో పోసి దాచిపెడతారు. డిపార్ట్‌మెంట్ అల్మారాల్లో ఏళ్ల తరబడి పేరుకున్న బ్లాకులు, వాటితోపాటు చేతిరాత రిజిస్టర్లు ఉన్నాయి. పిల్లి వయసు, జాతి, గడ్డ ఎక్కడ ఉంది, ఎంత ఉంది అన్నవి కొన్నింటికి పక్కాగా ఉన్నాయి. కొన్నింటికి 'పిల్లి, గడ్డ' అని మాత్రమే ఉంది. నాకు నిజంగా కావలసిన సమాచారం మాత్రం ఏ రిజిస్టర్లోనూ లేదు. ఆ ముక్క ఫార్మలిన్‌లో ఎంతసేపు ఉందో ఎవరూ రాయలేదు.

అది చిన్న విషయమేం కాదు. ఫార్మలిన్ ప్రొటీన్లను ఒకదానితో ఒకటి ముడివేసి కణజాలం కుళ్లిపోకుండా ఆపుతుంది. ఒకటి రెండు రోజులైతే ఫర్వాలేదు. వారాల తరబడి అందులోనే ఉండిపోతే ముళ్లు బిగిసిపోయి, మనం వెతికే భాగం యాంటీబాడీకి అందదు. ఎంజైమ్ ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. నోటి కణితులతో ఇంకో చిక్కు ఉంది. దవడ ఎముకతో కలిసి వచ్చిన ముక్కను కోయాలంటే ముందు అందులోని కాల్షియం తీసేయాలి. ఘాటైన ఆమ్లంతో తీస్తే పని త్వరగా అవుతుంది కానీ ప్రొటీన్ల పని కూడా అయిపోతుంది. ఈడీటీఏ అనే, కాల్షియాన్ని పట్టుకునే రసాయనంతో నెమ్మదిగా తీస్తే ఆ నష్టం తక్కువ. ఏది వాడారో తెలియని ఎముక బ్లాకుల్ని పక్కన పెట్టేశాం. అసలే తక్కువగా ఉన్న నోటి కణితులు దాంతో ఇంకా తగ్గిపోయాయి. ప్రాణం ఉసూరుమంది.

సెక్షన్లు కోయడం నాకు నేర్పింది మా ల్యాబ్ టెక్నీషియన్ అన్న. మైక్రోటోమ్ మీద మూడు నాలుగు మైక్రాన్ల మందంతో కోసి, ఆ పొరను గోరువెచ్చని నీటి మీద తేలేసి, ముడతలు పోయాక స్లైడ్ మీదకు ఎక్కించాలి. చెప్పడానికి ఇంతే. రొమ్ము కణితి చుట్టూ కొవ్వు ఉంటుంది. కొవ్వున్న చోట సెక్షన్ స్లైడ్‌కు సరిగా అతుక్కోదు. తర్వాత వేడి చేసే దశలో అంచు లేస్తుంది, కొన్నిసార్లు మొత్తం ఊడిపోయి బఫర్‌లో తేలుతుంది. మామూలు స్లైడ్లు వద్దని, ధనావేశం ఉన్న స్లైడ్లు తెప్పించి, వాటిని ఓవెన్‌లో బాగా ఆరబెట్టాకే ముట్టుకోమని అన్న పట్టుబట్టాడు. "డాక్టర్ గారూ, తొందరపడి తడి స్లైడ్ పెట్టారంటే మళ్లీ బ్లాక్ కోయాలి. బ్లాకేమో కోసేకొద్దీ అరిగిపోతుంది" అనేవాడు. చిన్న బయాప్సీల విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. కొన్ని బ్లాకుల్లో నాలుగైదు సెక్షన్లు తీస్తే కణితి అయిపోయి వట్టి పీచు కణజాలం మిగిలేది.

ఇక యాంటీబాడీ. దీనికి నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సమయం పట్టింది. కంపెనీ ఇచ్చే కాగితం మీద ఇది మనిషిలో, ఎలుకలో, చిట్టెలుకలో పనిచేస్తుందని ఉంటుంది. పిల్లి ఊసే ఉండదు. ప్రొటీన్ ఒకేలా ఉంటుంది కాబట్టి పిల్లిలోనూ పనిచేస్తుందిలే అనుకుని ముందుకు పోవడానికి లేదు, నిరూపించుకోవాలి. అందుకు కిడ్నీ కావాలి. కాక్స్-2 మామూలుగానే ఉండే కొద్ది చోట్లలో కిడ్నీలోని మాక్యులా డెన్సా అనే చిన్న కణాల గుంపు ఒకటి. కుక్క కిడ్నీలో అది బాగా రంగు పడుతుంది కాబట్టి ప్రతి బ్యాచ్‌లోనూ ఒక కుక్క కిడ్నీ స్లైడ్, దానితోపాటు ఒక పిల్లి కిడ్నీ స్లైడ్ పెట్టేవాళ్లం. ప్రాథమిక యాంటీబాడీ వేయకుండా, దాని బదులు మామూలు ఇమ్యునోగ్లోబులిన్ వేసిన స్లైడ్ మరొకటి. అందులో గోధుమరంగు కనిపించిందంటే ఆ రోజు బ్యాచ్ మొత్తం అనుమానమే.

కిడ్నీతో మరో తలనొప్పి ఉంది. కిడ్నీ, కాలేయం లాంటి అవయవాల్లో బయోటిన్ అనే విటమిన్ సహజంగానే ఎక్కువ. బయోటిన్ మీద ఆధారపడే పాత కిట్లు వాడితే ఎంజైమ్ లేకపోయినా ట్యూబ్యూల్స్ (కిడ్నీలోని సన్నని గొట్టాలు) అంతటా రంగు పడుతుంది. ల్యాబ్‌లో మిగిలిపోయిన పాత కిట్‌తో మొదట చేస్తే సరిగ్గా అదే జరిగింది. కిడ్నీ అంతా గోధుమరంగు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, విలువ మాత్రం సున్నా. బయోటిన్ అవసరం లేని పాలిమర్ కిట్‌కు మారాక ఆ గోల తగ్గింది.

వేడి చేసే దశను యాంటీజెన్ రిట్రీవల్ అంటారు. ఫార్మలిన్ వేసిన ముళ్లను కొంతవరకు విప్పడానికి స్లైడ్లను బఫర్‌లో ఉంచి దాదాపు మరిగే వేడిలో ఇరవై నిమిషాలు పెడతాం. పీహెచ్ 6 ఉన్న సిట్రేట్ బఫర్‌తో ఒక సెట్టు, పీహెచ్ 9 ఉన్న ట్రిస్-ఈడీటీఏతో ఒక సెట్టు చేశాను. ఒకే బ్లాక్ నుంచి వరసగా తీసిన సెక్షన్లు, ఒకే యాంటీబాడీ, ఒకే పలుచన. సిట్రేట్ స్లైడ్‌లో మాక్యులా డెన్సా ఉందా లేదా అని కళ్లు చికిలించి చూడాల్సి వచ్చింది. రెండో స్లైడ్‌లో, రక్తాన్ని వడగట్టే గ్లోమెరులస్ పక్కనే ముత్యాల పేరులా ఒక చిన్న కణాల వరస గోధుమరంగులో తేలింది, చుట్టూ ఉన్న ట్యూబ్యూల్స్ నీలంగా శుభ్రంగా ఉన్నాయి. మేడమ్‌ను పిలిచి చూపించాను. ఆవిడ మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తకుండానే, "2003, 2006 గొడవలో సగం ఇక్కడే ఉండొచ్చు" అన్నారు.

పలుచన విషయంలోనూ అదే కథ. యాంటీబాడీని 1:50 నుంచి 1:400 దాకా పలచబరుస్తూ చూశాం. చిక్కగా వేస్తే నెగటివ్‌గా ఉండాల్సిన పీచు కణజాలం కూడా లేత గోధుమ రంగుకు తిరిగింది. మరీ పలచగా వేస్తే కంట్రోలే మాయం. కంట్రోల్ బాగా కనపడుతూ వెనకాల శుభ్రంగా ఉండే పలుచన ఒకటి దొరికాక ఇక దాన్ని మార్చలేదు. కంపెనీ నుంచి కొత్త సీసా వచ్చినప్పుడల్లా, లాట్ నంబర్ మారితే మళ్లీ కిడ్నీతో సరిచూసుకునేవాళ్లం.

మిగతా దశలు యాంత్రికమే. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కణజాలంలోని సొంత పెరాక్సిడేజ్‌ను ఆపడం, యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అతుక్కోకుండా ప్రొటీన్ ద్రావణం వేయడం, రాత్రంతా ఫ్రిజ్‌లో తేమ డబ్బాలో యాంటీబాడీ, పొద్దున కడగడం, పాలిమర్, చివర్లో గోధుమరంగు తెప్పించే డీఏబీ. డీఏబీ వేశాక మాత్రం పక్కకు కదలకూడదు. రంగు నిమిషాల్లో వస్తుంది. ఒక స్లైడ్‌కు మూడు నిమిషాలు, ఇంకో స్లైడ్‌కు ఐదు నిమిషాలు ఇస్తే వాటి ముదురుదనాన్ని పోల్చడానికి వీల్లేదు. టైమర్ పెట్టుకుని, అన్నింటికీ ఒకే సమయం ఇచ్చాం. డీఏబీ క్యాన్సర్ కలిగించవచ్చన్న అనుమానం ఉన్న రసాయనం. గ్లౌజులు తప్పనిసరి, మిగిలినది సింక్‌లో పోయకూడదు, విడిగా సేకరించాలి. అన్న ఈ విషయంలో ప్రొఫెసర్లను కూడా వదిలేవాడు కాదు.

అసలు టెన్షన్ చదవడం మొదలుపెట్టాక వచ్చింది.

కాక్స్-2 రంగు కణద్రవ్యంలో పడుతుంది. బాగా పడిన కణంలో కేంద్రకం చుట్టూ ఇంకాస్త ముదురుగా ఒక అంచు కనిపిస్తుంది, ఎందుకంటే ఈ ఎంజైమ్ ఉండేది కేంద్రక త్వచం, ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ మీద. ఆ అంచు కనిపిస్తే నాకు ధైర్యంగా ఉండేది. కానీ చాలా స్లైడ్లలో అంత స్పష్టత ఉండదు. ఒక నోటి కణితి స్లైడ్ ఇప్పటికీ గుర్తుంది. చిన్న లెన్స్‌లో చూస్తే సగం స్లైడ్ పాజిటివ్. పెద్ద లెన్స్‌లోకి వెళ్తే ఒక్కొక్కటే విడిపోవడం మొదలైంది. సెక్షన్ అంచు వెంబడి ఉన్న గీత ద్రావణం ఆరిపోవడం వల్ల పడినది. కెరటిన్ ముత్యాల (ఈ కణితిలో గుండ్రంగా పేరుకునే గట్టి ప్రొటీన్ ఉండల) మధ్యలో ఉన్న రంగు కెరటిన్ పీల్చుకున్నది. చచ్చిపోయిన కణజాలం దేన్నైనా పట్టుకుంటుంది, దాన్నీ లెక్కలోంచి తీసేయాలి. పుండు పడిన చోట గుంపుగా ఉన్న ముదురు కణాలు నిజంగానే కాక్స్-2 పాజిటివ్, కానీ అవి మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు, క్యాన్సర్ కణాలు కావు. ఇవన్నీ పోగా చివరికి మిగిలింది కణితి లోపలికి చొచ్చుకుపోయే కొసల దగ్గర కొద్దిపాటి కణాల గుంపు. వాటిలో మాత్రం రంగు కచ్చితంగా ఉంది.

ఆ స్లైడ్ పాజిటివా, నెగటివా? నోటి కణితుల్లో ఇది మామూలు సమస్య. పైన పుండు, ఇన్‌ఫెక్షన్, వాపు కణాలు ఎప్పుడూ ఉంటాయి. ఆ కణజాలం మొత్తాన్ని రుబ్బి ఎంజైమ్ కొలిచే పద్ధతుల్లో, అది కణితి కణాలదో వాపు కణాలదో చెప్పడం కుదరదు. ప్రొటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసి చూసే వెస్టర్న్ బ్లాట్‌లో దాదాపు 72 కిలోడాల్టన్ల దగ్గర పట్టీ కనిపిస్తే యాంటీబాడీ సరైన ప్రొటీన్‌నే పట్టుకుంటోందని నమ్మకం కలుగుతుంది, అది చాలా అవసరం కూడా. కానీ ఏ కణంలో ఉందన్నది స్లైడే చెప్పాలి.

స్కోరు కోసం 1987లో రెమ్మెలే, స్టెగ్నర్ అనే ఇద్దరు ప్రతిపాదించిన పద్ధతి తీసుకున్నాం. ఎంత శాతం కణాల్లో రంగు ఉందన్నదానికి 0 నుంచి 4, ఎంత ముదురుగా ఉందన్నదానికి 0 నుంచి 3. రెండింటినీ గుణిస్తే 0 నుంచి 12 మధ్య ఒక అంకె. నేనూ మేడమ్ విడివిడిగా, ఏ పిల్లిదో తెలియకుండా లేబుళ్లు మూసేసి చదివాం. తర్వాత పక్కపక్కన పెట్టుకుని చూస్తే ముదురు స్లైడ్ల మీద ఇద్దరికీ పేచీయే లేదు. పూర్తి నీలం స్లైడ్ల మీదా లేదు. గొడవంతా లేత రంగు వాటి మీదే. నేను 1 ఇచ్చిన చోట ఆవిడ 0, ఆవిడ 2 ఇచ్చిన చోట నేను 1. పిల్లుల రొమ్ము క్యాన్సర్లలో అధిక భాగం సరిగ్గా ఆ లేత రంగులోనే ఉన్నాయి.

అక్కడ నాకు 2003, 2006 లెక్క అర్థమైంది. లేత రంగున్న స్లైడ్లన్నింటినీ పాజిటివ్ గీతకు పైన పెడితే మా రొమ్ము కణితుల్లో ఎక్కువ భాగం పాజిటివ్. గీతను కాస్త పైకి జరిపితే అవే స్లైడ్లు, అదే రోజు రంగు పడినవి, చాలావరకు నెగటివ్. స్లైడ్ మారలేదు, పిల్లి మారలేదు. దీనికి యాంటీబాడీ తేడా, బఫర్ తేడా, ఫార్మలిన్ తేడా కలిస్తే రెండు పేపర్ల మధ్య ఎంత దూరమైనా రావచ్చు. మేడమ్ అడిగిన ప్రశ్నకు నేను వెళ్లి ఇదే చెప్పాను. "అయితే నీ థీసిస్‌లో ఆ గీత ఎక్కడ గీశావో, ఎందుకు గీశావో మొదటి పేజీల్లోనే రాయి" అన్నారు.

రాశాను. ఎన్ని శాతం పాజిటివ్ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా ప్రతి కణితికీ స్కోరు పూర్తిగా ఇచ్చాను, యాంటీబాడీ ఏ రకమో (క్లోన్), బఫర్ పీహెచ్, వేడి చేసిన సమయం, కంట్రోల్ స్లైడ్ల ఫొటోలు సహా. ఒక పరీక్షకురాలికి అది నచ్చలేదు. సూటిగా ఒక అంకె చెప్పలేవా అన్నారు. నాకైతే ఆ అంకె ఒక్కదాన్ని నమ్మి ముందుకు పోయిన పేపర్లు ఇప్పటికే చాలా ఉన్నాయనిపిస్తుంది.

థీసిస్ నడుస్తుండగానే ఆసుపత్రి వైపు నుంచి ఒక సర్జన్ ఫోన్ చేశారు. ఆయన రొమ్ము కణితి తీసేసిన ఒక పిల్లి నా స్లైడ్లలో ఉందని ఎవరో చెప్పారట. "కాక్స్-2 పాజిటివ్ వస్తే చెప్పమ్మా, మెలాక్సికామ్ మొదలుపెట్టేస్తాను" అన్నారు. కాక్స్-2ను అడ్డుకునే నొప్పి మందు అది.

ఆ పిల్లి స్లైడ్ బాగానే ముదురుగా ఉంది. అయినా ఆ మాటకు సరేననలేకపోయాను. స్లైడ్‌లో ఎంజైమ్ ఉండటం వేరు, దాన్ని ఆపితే కణితి తగ్గడం వేరు. రెండోది పిల్లుల రొమ్ము క్యాన్సర్‌లో రుజువైన సంగతి కాదు. పైగా ఇది పిల్లి. గ్లూకురోనిడేషన్ అనే పద్ధతిలో మందుల్ని విరిచి బయటకు పంపే యూజీటీ1ఏ6 అనే ఎంజైమ్ జన్యువు పిల్లుల్లో పనిచేయదు. మనం వేసుకునే పారాసిటమాల్ పిల్లిని చంపేయడానికి ముఖ్య కారణం అదే. మెలాక్సికామ్ వేరే దారిలో విరుగుతుంది కాబట్టి అంత ప్రమాదం కాదు, కానీ కిడ్నీ మాట మర్చిపోకూడదు. పిల్లులకు పదేపదే ఇస్తే కిడ్నీలు దెబ్బతిని చనిపోయే ప్రమాదం ఉందని 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మందు లేబుల్ మీద గట్టి హెచ్చరిక పెట్టించింది. కొన్ని దేశాల్లో చాలా తక్కువ మోతాదులో దీర్ఘకాలం వాడటానికి అనుమతి ఉంది, అదీ కిడ్నీ పరీక్షలు చేయిస్తూనే. రొమ్ము కణితులు వచ్చేవి ఎక్కువగా పది పన్నెండేళ్ల పిల్లులకు. ఆ వయసులో కిడ్నీ జబ్బు చాలా మామూలు. నేను ప్రతి బ్యాచ్‌లో కంట్రోల్‌గా వాడిన మాక్యులా డెన్సాలో కాక్స్-2 ఊరికే లేదు కదా, కిడ్నీకి రక్తప్రసరణ సరిచూసే పనిలో అది ఉంది. ఇదంతా ఆయనకు చెప్పాను. ఆపరేషన్ తర్వాత నొప్పికి, వాపుకు ఇస్తే అది వేరే సంగతి, అది మీరే చూసుకోవాలి అన్నాను.

"మరి నీ రిపోర్టులో నాకు పనికొచ్చేది ఏముంది?" అని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మామూలు రంగు వేసిన స్లైడ్‌నే మళ్లీ తీసి చూశాను. గడ్డ రెండు సెంటీమీటర్ల లోపే ఉంది, మూడు దాటిన గడ్డలతో పోలిస్తే అది పిల్లికి చాలా మేలు. కోసిన అంచుల్లో కణితి కణాలు లేవు. కానీ ఒక చిన్న లింఫ్ నాళంలో కణితి కణాల ముద్ద ఒకటి ఉంది, అంటే జబ్బు వేరేచోటికి పాకుతూ ఉండొచ్చు. ఆయనకు అదే చెప్పాను. ఊపిరితిత్తుల ఎక్స్-రే తీయించమని, చంకలోని, గజ్జల్లోని లింఫ్ గ్రంథులు చూడమని, ఆ వైపు మిగిలిన రొమ్ము వరస మొత్తం తీసేయడం గురించి యజమానితో మాట్లాడమని రాసి పంపాను. కాక్స్-2 స్కోరును చివరి వరసలో, పరిశోధన కోసం చేసినది అని గుర్తుపెట్టి ఇచ్చాను.